ఏడు సీట్ల హిసాబ్

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక ధవళేశ్వరం కాలవ గట్టు మీద చాయ్ తాగుతుంటే మా భాంజా అడిగాడు. "మామూ, హైదరాబాద్‌లో మజ్లిస్‌కి 2009 నుంచి ప్రతిసారీ ఏడు సీట్లు వస్తున్నాయి. ఇక్కడ మనం కూడా ఒకణ్ణి నిలబెడితే ఏం పోయింది?"

సవాల్ మంచిదే. జవాబ్ మాత్రం జోష్‌తో కాదు, హిసాబ్‌తో చెప్పాలి.

2018 తెలంగాణ ఎన్నికల్లో మజ్లిస్‌కి రాష్ట్రం మొత్తమ్మీద నూటికి మూడు ఓట్లు కూడా పడలేదు. అయినా ఏడు సీట్లు. అదే ఎన్నికల్లో బీజేపీకి నూటికి దాదాపు ఏడు ఓట్లు పడితే దక్కింది ఒక్క గోషామహల్. మజ్లిస్ ఓటు చార్మినార్, యాకుత్‌పురా, బహదూర్‌పురా లాంటి పక్కపక్క మొహల్లాల్లో కుప్పగా ఉంది. బీజేపీ ఓటు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంది. నియోజకవర్గానికి ఒక్కడే గెలుస్తాడు, రెండోవాడి ఓట్లకి ఖీమత్ లేదు. ఆనకట్ట ఊరివాళ్లం, ఇసకలో పరుచుకున్న నీరు కాలవ ఎక్కదని మనకి వేరే చెప్పాలా?

ఇది ముసల్మానుల మస్లా ఒక్కటే కాదు. 2019లో జనసేనకి నూటికి అయిదున్నర ఓట్లొస్తే సీటు ఒకటే, అదీ మన రాజోలు. 2024లో వైసీపీకి నూటికి 39 ఓట్లు, 175లో 11 సీట్లు.

ఇక మన సంగతి. 2011 జనగణనలో ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో మనం నూటికి ఇద్దరం కూడా లేము. మన ఊరున్న రాజమండ్రి రూరల్‌లో మన ఓట్లన్నీ ఒకడికే వేసినా డిపాజిట్ దక్కదు. 2024లో అసెంబ్లీకి వెళ్లిన ముగ్గురు ముస్లిం ఎమ్మెల్యేలు గుంటూరు తూర్పు, నంద్యాల, మదనపల్లె నుంచి వెళ్లారు. అక్కడ మన జనం గుంపుగా ఉన్నారు, నిజమే. కానీ వాళ్లు గెలిచింది మన ఓట్లతోనే కాదు, పెద్ద పార్టీ గుర్తు మీద, అందరి ఓట్లతో.

గుంపుగా ఉంటే చాలనీ అనుకోకండి. గీత ఎక్కడ గీశారన్నది కూడా చూడాలి. ముసల్మానులు ఎక్కువున్న కొన్ని నియోజకవర్గాలు ఎస్సీలకి రిజర్వ్ అయ్యాయని, ఎస్సీలు అంతకన్నా ఎక్కువున్న చోట్లు జనరల్‌లో ఉన్నాయని 2006లో సచార్ కమిటీ రాసింది. ఎస్సీ భాయిల హక్కు మీద నాకు షికాయత్ లేదు, గీత మీదే. రాజమండ్రి రూరల్ కూడా 2008 పునర్విభజనలో పుట్టిందే. మళ్లీ గీతలు గీసేటప్పుడు ముసాయిదా బయటపెట్టి అభ్యంతరాలు అడుగుతారు. అప్పుడు అర్జీ రాసేవాడు మన మొహల్లాలో ఒక్కడైనా ఉండాలి.

అందుకే భాంజాకి చెప్పాను: అసెంబ్లీకి పోటీ బేకార్, వార్డు చూడు. వార్డు చిన్నది. అక్కడ ఒక్క గల్లీ ఓట్లు కలిసినా ఖబ్రస్తాన్ గోడ గురించి, ఉర్దూ టీచర్ గురించి మెంబరు మన మాట వినక తప్పదు.

"మన వార్డు ఏది మామూ?" అన్నాడు. ఫోన్‌లో ఓటర్ల జాబితా తీశాం. ఒకే ఇంట్లో ఉంటున్నాం, అమ్మీ ఓటు ఒక బూత్‌లో ఉంది, నాది ఇంకో బూత్‌లో ఉంది. భాంజాకి పందొమ్మిదేళ్లు, వాడి పేరే లేదు. సోమవారం ఫారాలు పట్టుకుని బీఎల్‌ఓ దగ్గరికి వెళ్తున్నాం, ఇన్షా అల్లాహ్.