గోడమీది పెట్టె ఎవరిది?

ఈవారం ఈ లేఖకు విషయం ఢిల్లీలో దొరకలేదు. కలకత్తాలో మా అక్కగారింట నాలుగు రోజులుండి వచ్చినప్పుడు దొరికింది. 2001లో ఆ నగరం అధికారికంగా కోల్‌కతా అయినా, గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కార్యాలయంలో ఉద్యోగం చేసి విరమించిన మన తెలుగు కుటుంబాలకు అది నేటికీ కలకత్తాయే. మా బావగారు ఆ కోవకు చెందినవారు. లేక్ మార్కెట్ సమీపంలో, పాతకాలపు దళసరి గోడలున్న ఇంట్లో మూడవ అంతస్తులో కాపురం. ఆయనకూ, ఇంటర్నెట్ సరఫరా చేసే ఒక సంస్థకూ నడుస్తున్న తగాదా పైకి చూస్తే నవ్వు తెప్పించేదే. లోతుకు దిగితే మాత్రం ఢిల్లీలో అశోకా రోడ్డు మీది సంచార భవన్ తీర్చవలసిన వ్యవహారమని నాకు తోచింది.

సంగతి ఇది. కనెక్షన్‌తోపాటు ఆ సంస్థ ముందు హాలులో ఒక పెట్టెను గోడకు బిగించి వెళ్లింది. దాని సంకేతం రెండు గోడలు దాటి వెనుక గదికి చేరదు. మనుమరాలు చదువుకొనేది ఆ గదిలోనే. బావగారు చాందినీ చౌక్‌కు వెళ్లి (ఢిల్లీవారు గమనించాలి, కలకత్తాలోనూ ఒక చాందినీ చౌక్ ఉన్నది, ఎలక్ట్రానిక్ సరుకుకు పెట్టింది పేరు) తన డబ్బుతో మంచి రౌటర్ ఒకటి కొని తెచ్చుకున్నారు. సంస్థ పంపిన కుర్రవాడు దానిని అటూ ఇటూ తిప్పి చూసి, “హబే నా, కాకు” అన్నాడు. కుదరదు బాబాయిగారూ, అని అర్థం. ఎందుకు కుదరదంటే అతని వద్ద సమాధానం లేదు. పెట్టె లోపలి అమరికలను తెరిచే సంకేతపదం చందాదారుకు ఇవ్వకూడదని పైనుంచి ఉత్తర్వు అట.

“ఏమోయ్, ఢిల్లీలో మంత్రులను రోజూ చూస్తుంటావు కదా. నేను కొన్న వస్తువును నా గోడకు తగిలించుకోవడానికి ఎవరి అనుమతి కావాలో కనుక్కుని చెప్పు” అన్నారు బావగారు.

ఈ ప్రశ్న కలకత్తాలో పుట్టడంలో ఒక ఔచిత్యమున్నది. 1882 జనవరి 28న, 93 మంది చందాదారులతో, కౌన్సిల్ హౌస్ స్ట్రీట్‌లో టెలిఫోను ఎక్స్ఛేంజి ప్రారంభమైనది ఈ నగరంలోనే. 1943లో కలకత్తా టెలిఫోన్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. ఆ తరువాత నాలుగు దశాబ్దాలపాటు మన ఇళ్లలోని నల్లని టెలిఫోను పరికరం తంతి తపాలా శాఖ ఆస్తి. అది మన బల్లమీద ఉండేది, మనం తుడిచేవాళ్లం, అద్దె కట్టేవాళ్లం. కాని అది మనది కాదు. వేరే పరికరం కొని తగిలించడమన్న ఊహే నేరంతో సమానం. సి.ఎం. స్టీఫెన్ సంచార శాఖ మంత్రిగా ఉన్న రోజుల్లో, టెలిఫోను విలాస వస్తువు, నచ్చనివారు వాపసు చేయవచ్చును అన్నారని ప్రసిద్ధి. పరికరం సొంతదారు ఆ మాట అనగలడు.

ఆ గుత్తాధిపత్యం 1984 నుంచి సడలింది. చందాదారు ఇంటిలో ఉండే పరికరాల తయారీని ఆ సంవత్సరం ప్రైవేటు రంగానికి అనుమతించారు. కొద్ది సంవత్సరాలలోనే బజారులో రంగురంగుల టెలిఫోన్లు వచ్చాయి. దేశంలోని ఎక్స్ఛేంజీలు వాటివల్ల కుప్పకూలలేదు. 1995 జులై 31న ముఖ్యమంత్రి జ్యోతిబసు రైటర్స్ బిల్డింగ్ నుంచి కేంద్ర మంత్రి సుఖ్‌రాంతో సెల్‌ఫోనులో మాట్లాడినప్పుడు దేశంలో మొదలైన పద్ధతి ఇంకా ఉదారమైనది. సిమ్ కార్డు కంపెనీది, చేతిలోని ఫోను మనది. ఏ ఫోను కొనాలో చెప్పే అధికారం ఏ కంపెనీకీ లేదని నేడు పసివాడికి కూడా తెలుసు. తీగమీద వచ్చే ఇంటర్నెట్‌కు కూడా మొదట ఈ నీతే వర్తించింది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ సేవ ప్రారంభించినప్పుడు మోడెమ్‌ను అద్దెకు తీసుకోవచ్చు, కొనుక్కోనూవచ్చు.

కలకత్తా మధ్యతరగతి ఇళ్లలో ఈ స్వేచ్ఛ మరింత సహజంగా ఉండేది. కేబుల్ టీవీ వ్యాపారం నుంచి పైకి వచ్చిన స్థానిక సంస్థలు వీధి చివర ఒక పెట్టె పెట్టి, అక్కడినుంచి మామూలు నెట్‌వర్క్ తీగను కిటికీలోంచి గదిలోకి లాగి ఇచ్చేవి. ఒక పేరు, ఒక సంకేతపదం కాగితం మీద రాసి చేతిలో పెట్టేవారు. రౌటర్ ఎవరికి వారే తెచ్చుకోవాలి. దానిని ఎవరూ హక్కు అనలేదు, ఆ అవసరం రాలేదు. తీగ స్థానంలో గాజుతీగ, అంటే ఫైబర్, వచ్చేసరికి ఆ స్వేచ్ఛ చడీచప్పుడూ లేకుండా పోయింది. ఏ శాసనమూ దానిని రద్దు చేయలేదు కనుక ఏ శాసనసభలోనూ ఎవరూ అడగలేదు.

ఇంజనీర్ల వాదన వినకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. కంపెనీ బిగించే పెట్టెలో రెండు పనులు ఇమిడి ఉన్నాయి. గాజుతీగలో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చడం ఒకటి. ఆ సంకేతాన్ని ఇంటిలోని ఫోన్లకు, కంప్యూటర్లకు పంచి, వెలుపలి నుంచి వచ్చేవాటికి కాపలా కాయడం రెండవది. మొదటి పనిలో కంపెనీ మాట కొట్టివేయదగినది కాదు. ఒక గాజుతీగను వీధిలో చీల్చి 32 లేక 64 ఇళ్లకు పంచుతారు. ప్రతి ఇంటి పెట్టె తనకు కేటాయించిన క్షణంలోనే కాంతిని పంపాలి. ఒక ఇంటిలో తప్పుడు పరికరం వేళాపాళా లేకుండా వెలుగు చిమ్మితే వీధి మొత్తం మూగపోతుంది. ఈ భయం కల్పితం కాదు.

బావగారు అడిగింది ఆ మొదటి పని కాదు. కాంతిని మార్చే పని మీ పెట్టెనే చేయనివ్వండి. పంచే పని, కాపలా పని నా రౌటర్‌కు వదలండి, అన్నారు. సాంకేతికంగా దీనికి కావలసినది అల్పం. కంపెనీ పెట్టెను కేవలం వంతెనలాగా పనిచేసే స్థితిలో ఉంచాలి. ఆ అమరిక చాలా పెట్టెలలో ఉన్నదే. తరువాత కనెక్షన్ పేరు, సంకేతపదం, ఆ లైనుకు కేటాయించిన అంకె చందాదారుకు ఇవ్వాలి. కుర్రవాడికి పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పనిని నిరాకరించి, దానికి భద్రత అనే పెద్ద పేరు పెడుతున్నారు.

ఈ వాదన వయస్సు కూడా తక్కువేమీ కాదు. అమెరికాలో టెలిఫోను మౌత్‌పీస్‌కు తగిలించే చిన్న గిన్నెవంటి వస్తువు ఒకటి ఉండేది; మాట పక్కవారికి వినపడకుండా చేయడమే దాని పని. అది తమ వ్యవస్థకు హానికరమని ఏ.టి. అండ్ టి. కంపెనీ వాదించగా, 1956లో అప్పీలు కోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చింది. రేడియోను టెలిఫోను లైనుతో కలిపే కార్టర్‌ఫోన్ అనే పరికరం విషయంలో అక్కడి ఫెడరల్ కమిషన్ 1968లో మరింత విశాలమైన తీర్పునిచ్చింది. వ్యవస్థకు హాని చేయనంతవరకు ఎవరి పరికరం వారు తగిలించుకోవచ్చునన్నది దాని సారం. యూరపులో 2015 నాటి నిబంధన తనకు నచ్చిన పరికరం వాడుకొనే హక్కును చందాదారుకు ఇచ్చింది. జర్మనీ 2016 ఆగస్టు 1 నుంచి అమలు చేసిన చట్టం ఇంకొక అడుగు వేసి, కనెక్షన్ వివరాలను చందాదారు అడగకుండానే, ఉచితంగా ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. కంపెనీ వ్యవస్థ ఎక్కడ ముగుస్తుంది, చందాదారు ఇల్లు ఎక్కడ మొదలవుతుంది అనే గీత మీద 2020లో యూరపు నియంత్రణ సంస్థలన్నీ కలిసి మార్గదర్శకాలే వెలువరించాయి. తగాదా మొత్తం ఆ గీత దగ్గరే ఉన్నదని వారు గుర్తించారు.

మన ఢిల్లీలో ఏమి జరిగింది? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం 2023లో వచ్చింది. డిసెంబరు 18న బిల్లు ప్రవేశపెట్టడం, 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించడం, అంతా నాలుగు రోజుల్లో ముగిసింది. ఆ సమావేశాలలో ఉభయసభలు కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. 138 సంవత్సరాల చట్టాన్ని మార్చేటప్పుడు, ఇంటి గోడమీది పెట్టె గురించి అడగవలసినవారు సభలో లేరు, ఉన్నవారు అడగలేదు.

అయినా ఒక చిన్న దారి తెరిచే ఉన్నది. ఇంటర్నెట్ తటస్థత మీద 2017లో ట్రాయ్ చేసిన సిఫారసులలో, 2018లో టెలికం శాఖ ఆమోదించిన నిబంధనలలో ఒక మాట ఉన్నది. పంపేవారిని బట్టి గాని, అందుకొనేవారిని బట్టి గాని, వాడుకరి ఉపకరణాన్ని బట్టి గాని సమాచారం పట్ల వివక్ష చూపరాదని. ఆ “వాడుకరి ఉపకరణం” అనే మాటను అందరూ చదివారు, ఎవరూ దానిమీద ఆగలేదు. నా రౌటర్ వచ్చిందని నా వేగం తగ్గించరాదన్నంతవరకు అది చెబుతుంది. నా రౌటర్‌కు తలుపు తెరవాలని చెప్పదు. ఆ రెండవ వాక్యం చేర్చడానికి పార్లమెంటు అక్కరలేదు, లైసెన్సు షరతులలో ఒక సవరణ చాలు.

జాతీయ భద్రత పేరుతో వచ్చే అభ్యంతరాన్ని కూడా తేలికగా తీసుకోరాదు. గల్వాన్ ఘర్షణ జరిగిన 2020లోనే, డిసెంబరులో, కేంద్రం టెలికం భద్రతా ఆదేశాన్ని ప్రకటించింది. విశ్వసనీయ మూలాల నుంచి వచ్చిన పరికరాలనే కంపెనీలు తమ వ్యవస్థలో కలపాలనే నియమం 2021 జూన్ 15 నుంచి అమలుకు వచ్చింది. టెలికం పరికరాలను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు 2017 నిబంధనలతోనే ఉన్నది. ప్రభుత్వం పరీక్షించి మంచిదన్న పరికరం కంపెనీ చేతిలో ఉంటే భద్రం, పౌరుడి చేతిలో ఉంటే ప్రమాదం అనడానికి నాకు కారణం కనిపించదు.

పైగా, కంపెనీ చేతిలోని తాళంచెవి ఎంత భద్రమో చూశాము. దూరం నుంచే ఇంటి పెట్టెను తెరిచి మార్పులు చేసే పద్ధతికి 2004లో ప్రమాణం ఏర్పడింది. 2016 నవంబరులో జర్మనీలో ఆ దూర నిర్వహణ ద్వారం మీదనే దాడి జరిగి, డాయిచ్ టెలికాం చందాదారులలో సుమారు 9 లక్షలమంది కనెక్షన్లు దెబ్బతిన్నాయి. మన దేశంలో 2017 జులైలో బి.ఎస్.ఎన్.ఎల్. మోడెములు వేల సంఖ్యలో దాడికి గురయ్యాయి. తయారీలో పెట్టిన సంకేతపదాన్ని ఎవరూ మార్చకపోవడం కారణం. ఇందులో చందాదారుల అలసత్వం లేదనను. సొంత రౌటర్ కొన్నవారందరూ జాగ్రత్తపరులు అవుతారని కూడా అనను.

కాని బాధ్యత ఎవరిమీద పడుతున్నది? 2008లో అహ్మదాబాద్ పేలుళ్ల సమయంలో ఉగ్రవాదుల ఈమెయిల్ నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఉద్యోగి ఇంటి వైఫై ద్వారా వెళ్లింది. పోలీసులు వెళ్లి తలుపు తట్టింది ఆ ఇంటిదే. ఆయన నిర్దోషి అని తేలడానికి వారాలు పట్టింది. తన వైఫైని కాపాడుకోవలసింది గృహస్థుడేనని నాటినుంచి మనకు చెబుతున్నారు. కాపాడుకోవడానికి కావలసిన తాళంచెవి అడిగితే, “హబే నా, కాకు.”

ఇది ప్రైవేటు కంపెనీల పాపం మాత్రమే అనుకోవడానికి వీలులేదు. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇచ్చి గ్రామాలను ఆకట్టుకున్నది. అక్కడా ప్రభుత్వ సంస్థ పెట్టె లేనిదే కనెక్షన్ లేదు. చవకగా ఇచ్చినప్పుడు ప్రజలు షరతులు చదవరు. ఆ పథకం మీద మన రెండు పక్షాలు ఎన్ని మాటలు విసురుకున్నా, పెట్టె చందాదారుడిదా కార్పొరేషన్‌దా అన్నది వాటిలో లేదు.

బావగారి తగాదాకు వస్తే, నేను ఏ మంత్రికీ చెప్పలేదు. మూడవ రోజు ఆ కుర్రవాడే మళ్లీ వచ్చాడు. అక్క పెట్టిన ఉప్మా తిని, టీ తాగి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుని, ల్యాప్‌టాప్ తెరిచి పెట్టెను వంతెనగా మార్చి, సంకేతపదం ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. వెనుక గదిలో మనుమరాలి పాఠం ఆగకుండా నడిచింది. బావగారు ఆ కాగితాన్ని పింఛను పుస్తకంలో దాచారు.

నేను ఢిల్లీ చేరిన మరునాడు ఉదయం ఆయన ఫోను చేశారు. రాత్రి కంపెనీవారు దూరం నుంచి ఏదో కొత్త అమరిక పంపారట. తెల్లారేసరికి పెట్టె పాత పేరుతో, పాత తాళంతో కూర్చున్నదట. కుర్రవాడు గురువారం వస్తానన్నాడు.