గృహశోభ: మూడు కొమ్మలు చాలును

మన తోటలలో పూవులకు కొదువ లేదు. దుబాయి, అబుధాబీలలో కాపురమున్న మన తెలుగు ఆడపడుచులకు ఆ భాగ్యము తక్కువ. వేసవిలో అచట ఎండ 45 డిగ్రీలు దాటును. ప్రొద్దుట కోసిన పూవు మధ్యాహ్నమునకే తల వాల్చును. పండుగ దినమున విమానముపై వచ్చిన పూవులను బుట్టలతో కొనుటకంటె, పెరటిలోని మూడు కొమ్మలతో జపానువారి ఇకెబానా చేయుట మేలని మా అభిప్రాయము. ఇది మనకు మరీ పరాయి విద్య కాదు. క్యోటోలోని రొక్కకుదో ఆలయమున బౌద్ధ అర్చకులు సమర్పించిన పూజాపుష్పములనుండియే ఇది పెరిగినది.

లోతు తక్కువగల పాత్రను తీసికొనుడు. దాని వెడల్పు 24, లోతు 6 సెంటీమీటర్లయినచో, రెంటినీ కూడి ఒకటిన్నర రెట్లు, అనగా 45 సెంటీమీటర్ల కొమ్మను ఇంచుమించు నిటారుగా నిలుపుడు. దానిలో ముప్పాతిక పొడవుగల రెండవ కొమ్మను ఏటవాలుగాను, రెండవదానిలో ముప్పాతిక పొడవుగల మూడవదానిని బాగుగా వంచియు ఉంచుడు. మిగిలిన చోటు ఖాళీగానే యుండవలెను. దండలు కట్టుటకు అలవాటుపడిన చేతులకు ఇదియే కష్టము!

ఖర్జూరపు రెమ్మ నిటారుగా చక్కగా నిలుచును. కాగితపు పూల కొమ్మకు ఆకులు చాలవరకు తీసివేయుడు. లేనిచో త్వరగా వాడును. మందారము ఒక్క దినపు పూవే. గన్నేరు అచట విరివిగా పూయును గాని, ఆ చెట్టంతయు విషము. అది మునిగిన నీరును విషమే. పసిబిడ్డలున్న యింట దానిని ముట్టకుడు.

ఏ.సి. గాలి తగులుచోట పాత్రను పెట్టరాదు. ప్రతిదినము నీరు మార్చి, కొమ్మల మొదళ్లను నీటిలోపలనే మరల కొంచెము కోయుడు.