రైడర్ సంపాదనకు రుజువు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి

జీవిత బీమా దరఖాస్తు చేతికి రాగానే కంపెనీ రెండు లెక్కలు వేస్తుంది. ఈ మనిషికి ముప్పు ఎంత, ఇతని సంపాదనకు ఎంత మొత్తం దాకా పాలసీ ఇవ్వొచ్చు? దీన్నే అండర్‌రైటింగ్ అంటారు. నెలజీతం వచ్చేవారికి రెండో లెక్క పే స్లిప్‌తో తేలిపోతుంది. యాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఇంటింటికీ చేరవేసే రైడర్‌కు పే స్లిప్ ఉండదు. ఐటీ రిటర్న్ కూడా లేకపోతే పెద్ద మొత్తానికి టర్మ్ పాలసీ దొరకడం కష్టం. తీరా బండి బీమా దగ్గరికి వచ్చేసరికి అతని పని ఒక్కసారిగా లెక్కలోకి వస్తుంది. సొంత వాడకానికి ఇచ్చే ద్విచక్ర వాహన పాలసీ బాడుగకు తిప్పినా, సరుకు మోసినా వర్తించదని షరతుల్లోనే ఉంటుంది. ఆర్డర్ తీసుకెళ్తూ పడిపోతే మరమ్మతు క్లెయిమ్‌ను తోసిపుచ్చడానికి ఆ షరతు చాలు. సంపాదన చూపాల్సిన చోట లెక్కకు రాని పని, నష్టం భర్తీ చేయాల్సిన చోట అడ్డుపడుతోంది. ఇది అన్యాయం.

2020-21లో దేశంలో ఇలాంటి రైడర్లతో సహా 77 లక్షల మంది గిగ్ కార్మికులు ఉన్నారని, 2029-30కి 2.35 కోట్లవుతారని నీతి ఆయోగ్ అంచనా. వీరు ఉద్యోగులా కాదా అన్న వివాదం తేలేదాకా బీమాను ఆపక్కర్లేదు. రైడర్ ఎన్ని గంటలు లాగిన్‌లో ఉన్నాడో, ఎన్ని కిలోమీటర్లు తిరిగాడో, ఎంత ముట్టిందో ప్లాట్‌ఫామ్ దగ్గర పూర్తిగా నమోదై ఉంటుంది. అతను అడిగితే ప్లాట్‌ఫామ్ ఆ రికార్డు ఇచ్చి తీరాలనీ, బీమా కంపెనీలు దాన్ని ఆదాయ రుజువుగా ఒప్పుకోవాలనీ నిబంధన రావాలి. 2021 జనవరిలో వచ్చిన సరళ్ జీవన్ బీమాను వృత్తితో పని లేకుండా 25 లక్షల దాకా అమ్మాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇప్పటికే చెప్పింది. తిరిగిన దూరాన్ని బట్టి ప్రీమియం కట్టే వాహన పాలసీలకు 2022లో అనుమతి ఇచ్చింది. డెలివరీ గంటలకు అదనపు కవర్‌నూ ఆ దారిలోనే తేవచ్చు.

రోజంతా రోడ్డు మీద ఉండేవాడికి ముప్పు ఎక్కువే కదా అని కంపెనీలు అంటాయి. నిజమే. ముప్పుకు తగ్గ ధర కట్టమనడం వేరు, పాలసీయే లేదనడం వేరు. పైగా ఇన్సెంటివ్‌లతో తొందరపెట్టేది ప్లాట్‌ఫామే కాబట్టి పెరిగిన ప్రీమియంలో దానికీ వాటా ఉండాలి. ప్లాట్‌ఫామ్ ఇచ్చే గ్రూప్ పాలసీ ఉందిగా అనే జవాబు సగమే నిజం. అలాంటి రక్షణ చాలాచోట్ల పనిలో ఉన్నంతసేపే ఉంటుంది, యాప్ మానేస్తే పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటించిన 5 లక్షల ప్రమాద బీమా మంచి అడుగే, కానీ జబ్బుతో పోయినవాడి కుటుంబానికి అది అక్కరకు రాదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కార్మికుల వైపు నుంచే వస్తుంది: రాత్రిపూట ఎక్కువ తిరిగాడని తెలిస్తే ఆ రికార్డుతోనే ప్రీమియం పెంచరా? ఈ భయం సహేతుకమే. అందుకే జీవిత బీమాకు సంపాదన వివరాలే, వాహన బీమాకు గంటలూ కిలోమీటర్లే, అదీ రైడర్ అనుమతితోనే కంపెనీకి అందాలి. భారం పెరిగితే మోయడానికీ మార్గం ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రత కోడ్ ప్రకారం అగ్రిగేటర్లు, అంటే ఇలాంటి ప్లాట్‌ఫామ్‌లు, తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సామాజిక భద్రత నిధికి జమ చేయాలి. డెలివరీ గంటల వాహన కవర్‌కు అయ్యే అదనపు ప్రీమియాన్ని ముందుగా ఆ నిధి నుంచే కట్టాలి.