పెద్దవాళ్ళనూ తీసుకెళ్ళండి

వై.ఎం.సి.ఏ. అనగానే మనవాళ్ళకు పిల్లల ఈతే గుర్తొస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మాత్రం ఇంట్లో టీవీ ముందే. పేరులో క్రైస్తవం ఉందని కొందరికి జంకు. అక్కడ ఏ మతంవారినైనా చేర్చుకుంటారు, స్తోమత లేనివారికి రుసుము తగ్గిస్తారు.

షుగరు బోర్డరులో ఉన్న తెలుగు పెద్దలను మేము తరచు చూస్తుంటాం. అమెరికాలో చాలా ఊళ్ళ 'వై'లలో ఇలాంటివారికి ఏడాది పాటు తరగతులు జరుగుతాయి. వారానికి 150 నిమిషాల నడక, తిండిలో అదుపు, కాస్త బరువు తగ్గడం, అంతే. 2002లో వెలువడిన పరిశోధనలో ఈ పద్ధతి పాటించినవారిలో మధుమేహం 58 శాతం తగ్గింది, అరవై దాటినవారిలో 71 శాతం. మాత్రతో 31 శాతమే! మాత్రలు రాసే మేమే చెబుతున్నాం.

ఇంగ్లీషు రాదని అత్తయ్యగారు వెనకాడితే నలుగురైదుగురు కలిసి చేరండి. వచ్చే శనివారం పిల్లలను ఈతకు దింపినప్పుడు కౌంటరు దగ్గర అడిగి చూడండి.