కుంట ఎండితే కప్పా ఉండదు, పంటా ఉండదు

వాన వెనకబడితే మన పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిప్పుతారు. మనమూ బిందెడు నీళ్లు పోసి కప్పతల్లికి మొక్కుతాం. ఆ కప్పతల్లి ఉండే కుంట ఏమవుతోందో మాత్రం చూడం.

సత్తుపల్లి, అశ్వారావుపేట నుంచి భద్రాచలం దాకా అడవి అంచు పొలాల్లో చెట్టుకప్పను చూడని రైతు ఉండడు. తొలకరికి అది కుంట మీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురగ గూడు పెట్టి, అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు గూట్లోంచి కింది నీళ్లలోకి జారతాయి. కాళ్లొచ్చి గట్టెక్కేదాకా కొన్ని వారాలు ఆ నీరు నిలవాలి. పైన కొమ్మ ఉండాలి, కింద నీరుండాలి.

ఇప్పుడు రెంటికీ ముప్పే. అడవి చెట్లున్న చోట జామాయిల్ వరసలు లేచాయి. ఓపెన్‌కాస్టులు వాగుల దారులే మార్చేశాయి. పోలవరం కోసం 2014లో మన జిల్లా నుంచి ఏడు మండలాలను విడదీశారు. ఆ ముంపులో గూడేలతోపాటు అడవీ పోతోంది.

మన తప్పూ ఉంది. పత్తికి, మిర్చికి కొట్టిన మందు వానకు కొట్టుకొచ్చి కుంటలో చేరుతుంది. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. నీళ్లలో విషం కలిస్తే నేరుగా దాని ఒంట్లోకి పోతుంది.

కప్ప కాళ్ల ఎగుమతిని కేంద్రం 1987లో నిషేధించింది. పొలాల్లో కప్పలు తగ్గితే పురుగు పెరుగుతుందని, మందుల ఖర్చు రైతు మీదే పడుతుందని అప్పట్లోనే గుర్తించారు. కూలి అడక్కుండా రాత్రంతా పురుగును ఏరే జీవి అది.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. కప్పను కాపాడే పేరుతో పోడు రైతును వెళ్లగొడతామంటే ఒప్పుకోం. వేల ఎకరాలు గనులకు, ముంపుకు ఇచ్చి, రెండెకరాల కోయ రైతు వల్లే అడవి పోయిందనడం అన్యాయం. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే హక్కునూ గ్రామసభకే ఇచ్చింది. ఆ సామూహిక హక్కు పత్రాలు ప్రతి గూడేనికీ ఇవ్వాలి.

మన వంతుగా ఈ వానాకాలం నుంచే మూడు పనులు చేద్దాం. మందు పంపును కుంటలో కడగవద్దు. కుంట చుట్టూ నాలుగు సాళ్లు మందు కొట్టకుండా వదులుదాం. ఉపాధి హామీలో పూడిక తీసేటప్పుడు గట్టు మీది చెట్లను నరకనివ్వవద్దు.

తొలకరి రాత్రి కుంట దగ్గర బెకబెకలు వినపడకపోతే, ఆ నష్టం కప్పది మాత్రమే కాదు.