ఎడారిలో రిటైర్మెంట్
అమెరికాలో అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ మామూలప్పుడు చిన్న ఊరే. చలికాలం వచ్చిందంటే చుట్టుపక్కల నేలంతా చక్రాల ఇళ్లతో నిండిపోతుంది. కొద్దిపాటి రుసుము కడితే సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ప్రభుత్వ భూమిలో బండి నిలుపుకోవచ్చు. ఏడు నెలలకు అంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది? రిటైరైన జంటలు అక్కడికి చేరతాయి. పాత స్నేహితులు వచ్చి పక్కనే దిగుతారు, పొద్దుగూకాక మంట చుట్టూ మడత కుర్చీలు పడతాయి. ఇంతవరకూ నాకూ అసూయే. ఎండలు ముదిరి బండి కదిలాక ఏం చేస్తారన్నది అసలు సంగతి. కొందరు పార్కుల్లో క్యాంపులకు కాపలా ఉంటూ మరుగుదొడ్లు కడుగుతారు. ఇంకొందరు అక్టోబర్‌లో నార్త్ డకోటా వైపు చక్కెర దుంపల కోతల్లో పన్నెండేసి గంటలు నిలబడతారు. ఇలాంటివాళ్ల కోసమే అమెజాన్ తన గోదాముల్లో ‘క్యాంపర్‌ఫోర్స్’ అనే పథకాన్ని ఏళ్ల తరబడి నడిపింది. దీన్నంతా స్వేచ్ఛ అని మురిసిపోయేవాళ్లతోనే నా పేచీ. ఊసుపోక చేసే పని వేరు, సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను చాలక డెబ్బయ్యో ఏట చేసే పని వేరు (నడుము నొప్పి మాత్రం ఇద్దరికీ ఒకటే). వాళ్లను సాహసికులని పొగిడే పత్రికలు ముందు గంటకు కూలి ఎంతో, జబ్బు చేస్తే ఖర్చెవరిదో అడిగి రాయాలి.