ఆప్షన్లు పెట్టే ముందు పిల్లల్ని అడుగుదాం



సీఈటీ ర్యాంకులు వచ్చినాయి. ఈ వారం గూళ్ల మార్కెట్‌లో రేటు కంటే “మీ వాడికి ఏ బ్రాంచి?” అనే మాటే ఎక్కువ వినిపిస్తా ఉంది. జవాబు కూడా అందరిదీ ఒకటే, కంప్యూటర్ సైన్స్. ర్యాంకుకు రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు. దానికి డబ్బు లేకపోతే తోట మీద అప్పు. ఇది సరికాదని మా అభిప్రాయం. మేము ఒకసారి అట్లా చేసి చూసినవాళ్లమే.

మా పెద్దోడు చిన్నప్పటినుంచి మోటార్లు విప్పి బిగించేవాడు. స్ప్రేయర్ ఆగిపోతే మెకానిక్కును పిలిచే పని ఉండేది కాదు. పీయూసీ అయినాక మెకానికల్ చదువుతానంటే బంధువులు నవ్వినారు. మేము కూడా భయపడి, అప్పు తెచ్చి, ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు కొన్నాం. వాడికి అది ఎక్కలేదు. సబ్జెక్టులు మిగిలిపోయి, నాలుగేళ్ల చదువు ఐదున్నరేళ్లు పట్టింది. ఇప్పుడు వాడు చేసేది యంత్రాల సర్వీసు పనే. ఆ అప్పు ఇంకా తీరలేదు, గూళ్లు అమ్మిన ప్రతిసారీ వడ్డీ కడతానే ఉన్నాం.

కంప్యూటర్ సైన్స్ చెడ్డదని అనడం లేదు. లెక్కలంటే ఇష్టం, గంటలకొద్దీ కూర్చుని ఆలోచించే ఓపిక ఉన్న పిల్లలకు అది మంచి దారే. బెంగళూరు మన పక్కనే ఉంది కూడా. అయితే చాకీ పురుగుకు లేత ఆకు వేస్తాం, నాలుగో జ్వరం లేచిన పురుగుకు ముదురు ఆకు వేస్తాం. పురుగుకు చూసే ఆ తేడా పిల్లలకు ఎందుకు చూడం?

మిగతా బ్రాంచీలకు పని లేదనే మాట కూడా నిజం కాదు. మన షెడ్డునే చూడండి. చాకీకి 26 నుంచి 28 డిగ్రీల వేడి, 80 శాతం పైన తేమ కావాలి. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, 70 నుంచి 75 శాతం తేమ చాలు. దీన్ని తనంతట తానే నిలబెట్టే పరికరాలు చేసేది ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ వాళ్లు. రెమ్మలు కోసే యంత్రం మెకానికల్ వాళ్ల పని. డ్రిప్పు, నీటి కుంట అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌లోకి వస్తాయి. ఆటోమేటిక్ రీలింగ్ మెషీన్లు మన రీలర్లు ఎక్కువగా చైనావే తెచ్చుకుంటా ఉన్నారు. ఇంజినీరింగ్‌లో సిల్క్ టెక్నాలజీ అని ఒక బ్రాంచి ఉందని పట్టు మీద బతికే మనలో ఎంతమందికి తెలుసు?

ఇక ఆప్షన్ల సంగతి. సీటు ఇచ్చేటప్పుడు మన జాబితాను పైనుంచి కిందికి చూసి, ర్యాంకుకు దొరికే మొదటి సీటు ఇస్తారు. కాబట్టి “ఇది మనకు రాదులే” అని భయపడి ఇష్టమైనదాన్ని కిందికి తోయొద్దు. మాక్ అలాట్‌మెంట్ నమూనా మాత్రమే, దాని తర్వాత కూడా వరుస మార్చుకోవచ్చు. మేనేజ్‌మెంట్‌లో కంప్యూటర్ కంటే, పేరున్న కాలేజీలో గవర్నమెంట్ కోటా కింద వచ్చే వేరే బ్రాంచి మేలని మేము అనుకుంటాం.

వచ్చే ఏడాది రాసే పిల్లలున్న ఇళ్లు ఇంకో మాట గుర్తు పెట్టుకోండి. మన ఇంటి మాట తెలుగైనా పిల్లల బడి చాలావరకు కన్నడమే. ఒకటి నుంచి పది దాకా కన్నడ మీడియంలో చదివితే దానికి కోటా ఉంది, పల్లెలో చదివితే గ్రామీణ కోటా ఉంది. వ్యవసాయ కోర్సులకు రైతుల పిల్లల కోటా ఉంది, దానికి ప్రాక్టికల్ పరీక్ష రాయాలి. ఇవన్నీ దరఖాస్తులోనే చూపించాలి. సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి.

ఈసారి మా చిన్నమ్మాయి వంతు. ఎలక్ట్రానిక్స్ కావాలంది. జాబితా తననే రాయమన్నాం, ఫీజు ఎంతవరకు కట్టగలమో కూడా దాచకుండా చెప్పినాం. మీరూ ఈ రాత్రి మేత వేసినాక పిల్లల పక్కన కూర్చుని, ఏ పని చేస్తే వాళ్లకు పొద్దు తెలియదో అడగండి. ఆ తర్వాతే ఆప్షన్లు పెట్టండి.